క్లోద్ సొతే ‘క్లాస్ తూ రిస్క్’: మరుగునపడిన ఒక ఫ్రెంచి నేరచిత్రం, సేకర్తల ఆదరణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

క్లోద్ సొతే దర్శకత్వంలో 1960 మార్చి 23న ఫ్రాన్స్‌లో విడుదలైన నేరచిత్రం ‘క్లాస్ తూ రిస్క్’. వారం ముందు వచ్చిన గొదార్ చిత్రపు సందడిలో ఇది విమర్శకుల దృష్టికి దూరమైంది. తరువాతి దశాబ్దాలలో దీని పేరును నిలబెట్టినవారిలో సినీ అభిమానులు, సేకర్తలు ముఖ్యులు. నవల తొలి ముద్రణ, వివిధ దేశాల గోడపత్రికలు, పునర్విడుదల ప్రతులు, డిస్కులు ఈ చిత్రానికి రెండో జీవితాన్ని ఇచ్చిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. కథకు మూలమైన వ్యక్తి, కథను రాసిన రచయిత నాజీ ఆక్రమణకాలంలో నడిచిన దారిని కూడా పరిశీలిస్తుంది. వస్తువు పూర్వాపరాలను శోధించే సేకర్త శ్రద్ధ, కథ పూర్వాపరాలకూ వర్తించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫ్రెంచి నేరచిత్రం, సెరీ న్వార్, క్లోద్ సొతే, జోజే జొవానీ, అబెల్ దానోస్, సేకరణ, నాజీ ఆక్రమణ.

1. ఉపోద్ఘాతం

ఒక సినిమా చరిత్రను సాధారణంగా నిర్మాణంతో మొదలుపెట్టి విడుదలతో ముగిస్తాం. ఎవరు తీశారు, ఎవరు నటించారు, ప్రేక్షకులు ఎలా ఆదరించారు అన్న ప్రశ్నలకు సమాధానాలు దొరికితే చరిత్ర పూర్తయిందనుకుంటాం. కాని కొన్ని చిత్రాల విషయంలో చెప్పుకోదగిన చరిత్ర విడుదల తరువాతనే మొదలవుతుంది. థియేటరు నుంచి తీసేసిన తరువాత దాని ప్రతులు ఏమయ్యాయి, గోడపత్రికలను ఎవరు దాచారు, ఆ చిత్రం గురించి ఎవరు మాట్లాడుతూ వచ్చారు, మళ్లీ తెరమీదికి ఎవరు తెచ్చారు అన్నవి అప్పుడు ముఖ్యమైన ప్రశ్నలవుతాయి. ‘క్లాస్ తూ రిస్క్’ అటువంటి చిత్రం.

ఫ్రెంచి నేరచిత్రం అనగానే జూల్ దసాఁ తీసిన ‘రిఫిఫి’, జాక్ బెకేర్ తీసిన ‘తూషే పాజ్ ఓ గ్రిజ్బి’, జాఁ-పియెర్ మెల్విల్ తీసిన ‘లె సమురాయ్’ వంటి పేర్లు ముందుగా వినిపిస్తాయి. సొతే చిత్రం ఆ వరసలో తరచు కనిపించదు. అయినా నేరకథల సేకర్తల జాబితాలలో దానికి ప్రత్యేకమైన చోటు ఉంది. ఆ ఆకర్షణకు కారణాలేమిటి, ఆ ఆకర్షణ ఏ సంగతులను వెలుగులోకి తెచ్చింది, ఏ సంగతులను నీడలో వదిలింది అన్నవి ఈ వ్యాసానికి ప్రధానాంశాలు.

చిత్రం పేరులోనే ఒక చమత్కారం ఉంది. ఫ్రెంచిలో ‘తూ రిస్క్’ అంటే అన్ని ప్రమాదాలకూ వర్తించే బీమా. ‘క్లాస్ తూరిస్త్’ అంటే పర్యాటకులు ప్రయాణించే చౌక తరగతి. ఈ రెండు మాటల ధ్వనిసామ్యంతో, అన్ని ప్రమాదాలనూ మోస్తూ ప్రయాణించేవాడి తరగతి అన్న అర్థాన్ని రచయిత సాధించారు.

2. సెరీ న్వార్: నలుపు, పసుపు అట్టల పరంపర

చిత్రానికి ఆధారమైన నవల 1958లో గాలిమార్ ప్రచురణసంస్థ ‘సెరీ న్వార్’ పరంపరలో వచ్చింది. ఈ పరంపరను 1945లో మార్సెల్ ద్యుయామెల్ ప్రారంభించారు. ‘నల్ల పరంపర’ అని అర్థమిచ్చే ఆ పేరును కవి జాక్ ప్రెవేర్ సూచించారని ప్రసిద్ధి. మొదట్లో ఇందులో పీటర్ చేనీ, జేమ్స్ హాడ్లీ చేజ్ వంటి ఇంగ్లీషు రచయితల అనువాదాలే వచ్చేవి. వెంటనే అమెరికన్ నవలలు చేరాయి. యుద్ధానంతర ఫ్రాన్స్‌లో అమెరికన్ నేరకథకున్న గిరాకీ ఎంతటిదంటే, ఈ పరంపరలో చేరిన తొలి ఫ్రెంచి రచయిత సెర్జ్ ఆర్కువే 1948లో టెరీ స్టూవర్ట్ అన్న ఇంగ్లీషు పేరుతో రాయవలసి వచ్చింది.

1953లో ఈ పరిస్థితి మారింది. ఆల్బెర్ సిమొనాఁ, ఓగ్యుస్త్ లె బ్రెతోఁ పారిస్ నేరలోకపు యాసలో రాసిన నవలలు ఆ ఏడాది ఈ పరంపరలోనే వెలువడ్డాయి. ‘గ్రిజ్బి’ 1954లో, ‘రిఫిఫి’ 1955లో సినిమాలై విజయం సాధించాయి. ఫ్రెంచి దొంగలు ఫ్రెంచి యాసలో మాట్లాడితే పాఠకులూ ప్రేక్షకులూ ఆదరిస్తారని వాటితో రుజువైంది. ఇక ప్రచురణకర్తలు, నిర్మాతలు నేరలోకాన్ని దగ్గరగా చూసినవారికోసం వెతకసాగారు. జోజే జొవానీకి తలుపులు తెరుచుకున్నది ఈ వాతావరణంలోనే.

3. చెరసాల నుంచి రచయితగా

జొవానీ అసలు పేరు జోసెఫ్ దామియానీ. 1923లో పారిస్‌లో కోర్సికా మూలాలున్న కుటుంబంలో పుట్టారు. హత్యలతో ముడిపడిన ఒక దోపిడీ కేసులో 1948లో ఆయనకు మరణశిక్ష పడింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు వాఁసాఁ ఓరియోల్ దానిని యావజ్జీవ కఠినశిక్షగా మార్చారు. పదకొండేళ్లకు పైగా చెరసాలలో గడిపి, 1956 డిసెంబరులో విడుదలయ్యారు. అంతకుముందు 1947లో పారిస్ లా సాఁతే చెరసాల నుంచి సొరంగం తవ్వి పారిపోవడానికి సహఖైదీలతో కలిసి ప్రయత్నించి విఫలమయ్యారు. ఆ అనుభవమే 1957లో వచ్చిన తొలి నవల ‘లె త్రూ’కు వస్తువైంది. ఆయన చేత కలం పట్టించడంలో న్యాయవాది స్తెఫాన్ ఎకే ప్రోత్సాహం ఉంది.

మరుసటి ఏడాది, అంటే 1958లో, జొవానీ వరసగా నవలలు ప్రకటించారు. ‘లె దూజియెమ్ సూఫ్ల్’, ‘క్లాస్ తూ రిస్క్’ ఆ ఏడాది వచ్చినవే. మొదటిదానిని 1966లో మెల్విల్ సినిమాగా తీశారు. రెండోది సొతే చేతికి వచ్చింది. చెరసాలలో పరిచయమైన అబెల్ దానోస్ అనే నేరస్థుడి చివరి రోజుల ఆధారంగా జొవానీ ఈ కథ అల్లారు. నవలలో, చిత్రంలో అతడి పేరు అబెల్ దావోస్. మూలవ్యక్తి పేరుకూ పాత్ర పేరుకూ ఒక్క అక్షరమే తేడా. దానోస్ అనుచరుడు రెమోఁ నోదీ చిత్రంలో రెమోఁ నాల్దీ అయ్యాడు. మూలం ఎవరో దాచాలన్న ప్రయత్నం ఈ పేర్లలో కనబడదు. దాచినది పేర్లను కాదు, వాటి వెనుక ఉన్న చరిత్రను. ఆ సంగతి ఏడో విభాగంలో పరిశీలిద్దాం.

4. కథ, నిర్మాణం

అబెల్ దావోస్ ఫ్రాన్స్‌లో పరోక్ష విచారణలో మరణశిక్ష పడిన దొంగ. కొన్నేళ్లుగా భార్య తెరెజ్, ఇద్దరు కొడుకులతో ఇటలీలో తలదాచుకుంటున్నాడు. అక్కడి పోలీసులు దగ్గరపడడంతో స్వదేశానికి తిరిగిపోవాలనుకుంటాడు. ప్రయాణానికి డబ్బు కావాలి. మిలాన్ నగరంలో పట్టపగలు, జనం నడిచే వీధిలో, బ్యాంకు సొమ్ము తీసుకెళ్తున్నవారిని అతడూ రెమోఁ కలిసి దోచుకుంటారు. పోలీసులను తప్పించుకుంటూ, రాత్రివేళ పడవలో ఫ్రాన్స్ దక్షిణతీరానికి చేరతారు. అక్కడ సుంకపు అధికారులతో జరిగిన కాల్పుల్లో తెరెజ్, రెమోఁ చనిపోతారు. ఒడ్డున అబెల్, ఇద్దరు పసివాళ్లు మిగులుతారు.

అతడు పారిస్‌లోని పాత మిత్రులకు కబురు పంపుతాడు. ఒకప్పుడు అతడి వల్ల మేలు పొందినవారే వాళ్లంతా. ఇప్పుడు స్థిరపడ్డారు, భయపడుతున్నారు. తాము రాకుండా, ఒక అంబులెన్సు బండిని, దాన్ని నడపడానికి ముక్కూముఖం తెలియని యువకుణ్ణి పంపుతారు. అతడు ఎరిక్ స్తార్క్. దారిలో లిలియాన్ అనే నటిని ఒక మగవాడి దెబ్బల నుంచి కాపాడతాడు. ఆమె కూడా వాళ్లతో ప్రయాణిస్తుంది. పాత స్నేహితులు ఒక్కొక్కరే తప్పుకుంటూంటే, ఈ కొత్త స్నేహితుడే చివరిదాకా నిలుస్తాడు. పిల్లలను ఎవరికో అప్పగించి, తనను వదిలేసినవారిపై పగ తీర్చుకోబోయి, ఆ పగ కూడా చేదెక్కిపోగా అబెల్ పారిస్ జనసమూహంలో కలిసిపోతాడు. అతడు పట్టుబడ్డాడనీ, మరణశిక్ష అమలైందనీ వ్యాఖ్యాత గొంతు రెండు ముక్కల్లో చెప్పి చిత్రాన్ని ముగిస్తుంది.

ఈ కథలో నేరం కంటే నేరస్థుడి ఇంటిబాధ్యత ఎక్కువ. చిన్న కొడుకు చెయ్యి పట్టుకుని నడిస్తే పోలీసులకు దొరుకుతాడు. చెయ్యి వదిలితే పిల్లవాడు తప్పిపోతాడు. తండ్రి నాలుగడుగులు ముందు నడుస్తుంటే పిల్లలు అపరిచితుల్లా వెనక రావలసిన స్థితి ఇది. నేరచిత్రాలకు అలవాటైన తుపాకీ ఉత్కంఠ కంటే ఈ ఉత్కంఠ లోతైనది.

దావోస్‌గా నటించిన లీనో వెంతురా 1919లో ఇటలీలోని పార్మాలో పుట్టారు. కుస్తీ వీరుడిగా జీవితం మొదలుపెట్టి, 1954లో ‘గ్రిజ్బి’ చిత్రంతో నటుడయ్యారు. స్తార్క్ పాత్రను జాఁ-పోల్ బెల్మొందో, లిలియాన్ పాత్రను ఇటాలియన్ నటి సాండ్రా మీలో పోషించారు. నవలను తెరకు అనువుగా మార్చడంలో జొవానీ స్వయంగా పాల్గొన్నారు. ఛాయాగ్రహణం గిలాఁ క్లోకే, సంగీతం జార్జ్ దెల్‌రూ. ఫ్రాన్స్, ఇటలీ ఉమ్మడి నిర్మాణం కావడంతో మిలాన్ దృశ్యాలను అక్కడి వీధుల్లోనే తీశారు. సొతే అప్పటికి సహాయదర్శకుడిగా, కథల లోపాలు దిద్దేవాడిగా చిత్రపరిశ్రమకు తెలుసు. 1956లో ఒక హాస్యచిత్రానికి దర్శకుడిగా పేరు పడినా, ఆయన తన అసలైన తొలి చిత్రంగా భావించినది దీనినే.

5. వారం రోజుల తేడా

ఈ చిత్రం మరుగునపడడానికి ప్రధాన కారణం క్యాలెండరులో ఉంది. 1960 మార్చి 16న జాఁ-లూక్ గొదార్ ‘అ బూ ద సూఫ్ల్’ విడుదలైంది. అందులోనూ కథానాయకుడు బెల్మొందోయే. మార్చి 18న జాక్ బెకేర్ చివరి చిత్రం ‘లె త్రూ’ వచ్చింది. బెకేర్ అంతకు నెల ముందే, ఫిబ్రవరి 21న మరణించారు. ఆ చిత్రానికి ఆధారం జొవానీ తొలి నవల, ఛాయాగ్రాహకుడు క్లోకే. మార్చి 23న ‘క్లాస్ తూ రిస్క్’ విడుదలైంది. అంటే ఎనిమిది రోజుల్లో ఒకే నటుడి చిత్రాలు రెండు, ఒకే రచయిత చిత్రాలు రెండు, ఒకే ఛాయాగ్రాహకుడి చిత్రాలు రెండు తెరమీదికి వచ్చాయి. ఈ మూడు జంటలలోనూ ఒక భాగం సొతే చిత్రమే.

అప్పటి విమర్శలోకం ‘నవతరంగం’ గురించి మాట్లాడుతోంది. సంప్రదాయ కథనాన్ని బద్దలుకొట్టే చిత్రాలకు ప్రాధాన్యం పెరిగింది. సొతే కూడా వీధుల్లోనే తీశారు, సహజమైన వెలుతురునే కోరుకున్నారు. కాని ఆయన కథనాన్ని విరగ్గొట్టలేదు. అనవసరమైనదాన్ని తీసేసి బిగించారు. ఆ తేడాను గుర్తించే తీరిక ఆ నెలలో ఎవరికీ లేకపోయింది. ఆ తరువాత ఆయన మళ్లీ దర్శకత్వం వహించినది 1965లో. విస్తృతమైన కీర్తి 1970లో ‘లె షోజ్ ద లా వీ’తో గాని రాలేదు. అప్పటినుంచి మధ్యతరగతి మనుషుల అంతరంగాన్ని చిత్రించిన దర్శకుడిగా స్థిరపడడంతో, నేరచిత్రాల చరిత్రలో ఆయన పేరు మరింత పలచబడింది.

6. సేకర్తల ఆకర్షణ

6.1 పుస్తకం

సెరీ న్వార్ పరంపరను సేకరించేవారికి ప్రతి పుస్తకానికీ ఒక క్రమసంఖ్య ఉండడం పెద్ద ఆకర్షణ. సంఖ్య ఉన్నచోట ఖాళీ కనబడుతుంది. ఖాళీని నింపాలన్న కోరిక పుడుతుంది. తొలి దశ పుస్తకాలు గట్టి అట్టతో, దానిపై కాగితపు కవరుతో వచ్చేవి. రైలు ప్రయాణాల్లో చదివి పారేసే పుస్తకాలు కావడంతో ఆ కవర్లు తొందరగా చిరిగిపోయేవి. అందువల్ల కవరు ఉన్న ప్రతికీ లేని ప్రతికీ విలువలో చాలా అంతరం ఉంటుంది. తొలి ముద్రణను గుర్తించడానికి సేకర్తలు చివరి పుటలోని ముద్రణ తేదీని చూస్తారు. పుస్తకంలో ఇచ్చిన ఇతర ప్రచురణల జాబితా ఎక్కడ ఆగిందో కూడా చూస్తారు. ఆ నవల తరువాత వచ్చిన పుస్తకాల పేర్లు అందులో ఉంటే అది మలి ముద్రణ అని తేలిపోతుంది.

ఈ చౌకపుస్తకాలకు సంస్థాగతమైన ఆశ్రయం కూడా క్రమంగా ఏర్పడింది. పారిస్ నగరంలో నేరసాహిత్యానికే కేటాయించిన ప్రజాగ్రంథాలయం ‘బిలిపో’ 1995 నుంచి కార్దినాల్ లెమువాన్ వీధిలో నడుస్తోంది. ఒకప్పుడు పాతపుస్తకాల దుకాణాల్లో మాత్రమే దొరికినవి ఇప్పుడు పరిశోధకుడి బల్లమీదికి వస్తున్నాయి.

6.2 గోడపత్రిక

చిత్రం ఉమ్మడి నిర్మాణం కావడంతో పలు దేశాల్లో పలు పేర్లతో తిరిగింది. ఇటలీలో ‘అస్ఫాల్తో కె స్కొత్తా’ (కాలే తారురోడ్డు) అన్నారు. జర్మనీలో వేటలో తరుముతున్న చిరుతపులి అన్న భావంతో ‘డేర్ పాంటర్ విర్ట్ గెహెట్స్ట్’ అన్నారు. అమెరికాలో ‘ద బిగ్ రిస్క్’ అయింది. ఫ్రెంచి గోడపత్రికలలో పెద్దది 120 x 160 సెంటీమీటర్లు, మధ్యరకం 60 x 80. ఇటలీలో రెండు కాగితాల పత్రిక 100 x 140. నిలువుగా సన్నగా ఉండే ‘లొకాందీనా’ సుమారు 33 x 70. ఒకే చిత్రానికి ఇన్ని రూపాలుండడం సేకర్తకు పని కల్పిస్తుంది.

చరిత్రకారుడికి ఇవి మరోలా ఉపయోగపడతాయి. ప్రతి పత్రికా ఆ దేశపు పంపిణీదారు ఈ చిత్రాన్ని ఏమని భావించాడో చెబుతుంది. ఫ్రెంచి పేరులోని వ్యంగ్యం జర్మన్ పేరులో లేదు. అక్కడ వేట మిగిలింది. ఇటాలియన్ పేరులో రోడ్డు ప్రధానమైంది. అమెరికన్ పేరు ఏ నేరచిత్రానికైనా సరిపోతుంది. ఇద్దరు పిల్లలతో పారిపోతున్న తండ్రి వీటిలో ఏ పేరులోనూ లేడు. పేరు మారినప్పుడు ప్రేక్షకుడు ఏ చిత్రం కోసం టికెట్టు కొన్నాడన్నది కూడా మారుతుంది. ఈ సంగతి చిత్రాన్ని ఎన్నిసార్లు చూసినా తెలియదు. కాగితాలను పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది.

6.3 ప్రతులు, డిస్కులు

పంపిణీహక్కుల గడువు తీరగానే ప్రదర్శన ప్రతులను నాశనం చేయడం పరిశ్రమలో మామూలు. 1950ల తొలినాళ్లలో మండే స్వభావమున్న నైట్రేట్ ఫిలిం పోయి అసిటేట్ ఫిలిం వచ్చింది. అది మంటల భయం తీర్చింది కాని, తేమ, వేడి తగిలితే పుల్లని వాసనతో కుళ్లిపోతుంది. ఈ రెండు కారణాల వల్ల ఆ కాలపు చిత్రాలు చాలావాటికి చక్కటి ప్రతులు కరువయ్యాయి. ఫ్రాన్స్‌లో ప్రతులను కాపాడాలన్న ఉద్యమం మొదట సేకర్తలదే. 1936లో సినెమాతెక్ ఫ్రాఁసెజ్ సంస్థను స్థాపించిన ఆఁరి లాంగ్లువా ప్రధానంగా సేకర్త. ఆయనతో కలిసి దానిని స్థాపించిన జార్జ్ ఫ్రాంజు వద్దనే సొతే ‘లెజ్యో సాఁ విజాజ్’ చిత్రానికి సహాయదర్శకుడిగా పనిచేశారు.

‘క్లాస్ తూ రిస్క్’ విషయంలో మలుపు 2005లో వచ్చింది. పాత చిత్రాలను తిరిగి విడుదల చేసే రియాల్టో సంస్థ దీనిని ఆ ఏడాది అమెరికాలో మూలభాషలో థియేటర్లకు తెచ్చింది. 2008లో క్రైటీరియన్ సంస్థ తన పరంపరలో 434వ సంఖ్యతో డీవీడీగా ప్రచురించింది. డిస్కుతో వచ్చిన చిన్నపుస్తకంలో దర్శకుడు బెర్త్రాఁ తావెర్నియే రాసిన వ్యాసం, మెల్విల్ ప్రశంస చేర్చారు. తావెర్నియే 2016లో ఫ్రెంచి సినిమాపై తీసిన సుదీర్ఘ డాక్యుమెంటరీలోనూ సొతేకు విశేషమైన చోటిచ్చారు. గమనించదగిన విషయమేమిటంటే, సెరీ న్వార్ పుస్తకానికి ఉన్నట్లే ఈ డిస్కుకూ వెన్నుమీద సంఖ్య ఉంది. పాఠకులను 1958లో ఆకర్షించిన పద్ధతే 2008లో ప్రేక్షకులనూ ఆకర్షించింది. పేరు తెలియని చిత్రాన్ని కూడా సంఖ్య కోసం కొని, చూసి, ఇష్టపడినవారు ఉంటారు. చిన్న చిత్రాలు బతికి బయటపడడంలో ఈ సంఖ్యాక్రమపు పాత్రను తక్కువగా అంచనా వేయకూడదు.

7. దానోస్ నుంచి దావోస్ దాకా

సేకర్తల సంభాషణలో తరచు వినబడే మాట ‘అసలైనది’. ముద్రణ అసలైనదా, పత్రిక అసలైనదా అని వెతుకుతారు. జొవానీ విషయంలో ఈ మాటకు మరో అర్థం కూడా చేరింది. ఆయన నేరలోకంలో బతికారు, మరణశిక్ష నీడలో నెలలు గడిపారు. అందువల్ల ఆయన కథలు అసలైనవి అని ప్రచారం సాగింది. దొంగల మధ్య మాట నిలుపుకోవడం, నమ్మినవాణ్ణి వదలకపోవడం వంటి విలువలకు ఆయన జీవితమే పూచీ అయింది. ఈ పూచీని తరచి చూడవలసిన అవసరం ఉంది.

అబెల్ దానోస్ కేవలం దొంగ కాడు. ఆక్రమణకాలంలో పారిస్ లోరిస్తోఁ వీధి 93వ నంబరు భవనం నుంచి పనిచేసిన ‘కార్లాంగ్’ ముఠాలో సభ్యుడు. ఫ్రెంచి గెస్టపోగా పేరుపడిన ఆ ముఠాకు నాయకులు నేరస్థుడు ఆఁరి లాఫోఁ, మాజీ పోలీసు అధికారి పియెర్ బొనీ. ప్రతిఘటన యోధులను పట్టించడం, చిత్రహింసలు పెట్టడం, యూదుల ఆస్తులు దోచుకోవడం వాళ్ల పని. ఆ నాయకులిద్దరినీ 1944 డిసెంబరు 27న కాల్చిచంపారు. దానోస్ తప్పించుకుని, యుద్ధానంతరం పియెర్ లూత్రెల్ నాయకత్వంలో దోపిడీలు చేసిన ‘త్రాక్సియోఁ అవాఁ’ ముఠాలో చేరాడు. 1948లో పారిస్‌లో పట్టుబడ్డాడు. 1952 మార్చిలో మోంరూజ్ కోటలో అతణ్ణి కాల్చిచంపారు.

ఈ చివరి వాక్యంలోని ఒక వివరాన్ని గమనించాలి. ఆనాటి ఫ్రాన్స్‌లో సాధారణ హంతకులకు మరణశిక్ష గిలోటిన్ ద్వారా అమలయ్యేది. తుపాకులతో కాల్చడం దేశద్రోహం వంటి నేరాలకు పాటించిన పద్ధతి. అంటే దానోస్ మరణించిన తీరే అతడి నేరం ఏమిటో చెబుతుంది. చిత్రంలోని వ్యాఖ్యాత మరణశిక్ష అమలైందని మాత్రమే అంటాడు. ఆ క్లుప్తతను విమర్శకులు శైలిగా మెచ్చుకున్నారు. అది శైలి అయితే అయి ఉండవచ్చు. కాని ఆ క్లుప్తతలోనే ఒక పెద్ద చరిత్ర జారిపోయింది. చిత్రంలో ఎక్కడా ఆక్రమణ ప్రస్తావన లేదు. దావోస్‌కు గతంలో మరణశిక్ష ఎందుకు పడిందో ప్రేక్షకుడు దొంగతనాల నుంచే ఊహించుకుంటాడు.

రచయిత గతం బయటపడడానికి మరికొంత కాలం పట్టింది. యుద్ధకాలంలో జొవానీ కూడా నాజీల పక్షాన నిలిచిన దొరియో పార్టీలో ఉన్నారనీ, శత్రువులతో చేతులు కలిపినందుకు శిక్ష పొందారనీ 1993లో స్విస్ పత్రికలు ‘ట్రిబ్యూన్ ద జెనీవ్’, ‘24 ఎర్’ వెల్లడించాయి. అప్పటికి ఆయన స్విట్జర్లాండులో స్థిరపడిన గౌరవనీయ రచయిత, దర్శకుడు. మరణశిక్షకు వ్యతిరేకంగా 1973లో ‘దోజోమ్ దాఁ లా వీల్’ అనే చిత్రం తీసినవారు. 2004లో లొసాన్‌లో మరణించారు.

ఈ వెలుగులో చిత్రాన్ని మళ్లీ చూస్తే, దానిలో పనిచేసినవారి జీవితాలే కొత్త ప్రశ్నలు వేస్తాయి. ఛాయాగ్రాహకుడు క్లోకే అంతకు కొన్నేళ్ల ముందు అలెఁ రెనే తీసిన ‘న్యుయి ఎ బ్రుయార్’కు సాషా వియెర్నీతో కలిసి ఛాయాగ్రహణం చేశారు. అది నాజీ నిర్బంధశిబిరాల మీద తీసిన డాక్యుమెంటరీ. దొంగసొత్తు వ్యాపారి పాత్రధారి మార్సెల్ దాలియో యూదు. 1940లో ఫ్రాన్స్ విడిచి అమెరికా చేరి ‘కాసబ్లాంకా’ వంటి చిత్రాల్లో చిన్నపాత్రలు వేశారు. ఆయన కుటుంబసభ్యులు శిబిరాల్లో మరణించారు. శిబిరాలను చిత్రించిన కెమెరా, శిబిరాల వల్ల కుటుంబాన్ని పోగొట్టుకున్న నటుడు, గెస్టపో మనిషి కథ - ఈ మూడూ ఒకే చిత్రంలో కలిశాయి. దీనికి చిత్రబృందాన్ని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 1960 నాటి ఫ్రాన్స్ తన ఇటీవలి గతంతో ఎంత మౌనంగా కాపురం చేసిందో ఈ కలయిక చూపుతుంది.

8. పూర్వాపరాల ప్రశ్న

అయితే ఈ చిత్రాన్ని సేకరించడం మానుకోవాలా? పారేసిన వస్తువు ఎవరికీ ఏమీ చెప్పదు. నవల తొలి ముద్రణ, విడుదలనాటి పత్రికలు, ప్రతులు నిలిచి ఉండబట్టే నేడు ఈ ప్రశ్నలు వేయగలుగుతున్నాం. పేర్ల మార్పును, మాటల ఎంపికను, మౌనాలను చూడడానికి ఆధారాలు అవే.

మారవలసినది సేకర్త శ్రద్ధ పరిధి. ఒక పాత గోడపత్రిక కొనేటప్పుడు అది ఏ చేతుల నుంచి ఏ చేతులకు వచ్చిందో, మడతలు సరిచేయడానికి గుడ్డ అతికించారో లేదో, రంగులు పూశారో లేదో అడుగుతారు. దిద్దుబాటు జరిగితే ఆ సంగతి అమ్మకపు వివరాల్లో రాయడం నిజాయితీగా భావిస్తారు. కథకూ ఇదే నియమం వర్తిస్తుంది. దానోస్ జీవితం దావోస్ కథ అయ్యేటప్పుడు ఒక పెద్ద దిద్దుబాటు జరిగింది. చిరిగినచోట అతికించారు, మరకపడినచోట రంగు పూశారు. ఆ దిద్దుబాటును కూడా వివరాల్లో రాయాలి.

అలా రాసినందువల్ల చిత్రం విలువ తగ్గదు. సముద్రపుటొడ్డున ఇద్దరు పిల్లలతో మిగిలిన తండ్రిని చూసినప్పుడు కలిగే జాలి అబద్ధం కాదు. లీనో వెంతురా ముఖంలోని అలసట అబద్ధం కాదు. కాని ఆ జాలి ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న ప్రశ్న దానికి తోడవుతుంది. లోరిస్తోఁ వీధి భవనంలోకి వెళ్లి తిరిగిరాని వారికీ పిల్లలున్నారు.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ‘క్లాస్ తూ రిస్క్’ మరుగునపడడానికి 1960 మార్చి నాటి విడుదలల వరస, నవతరంగం పట్ల విమర్శకుల ఆసక్తి, దర్శకుడి తరువాతి ప్రస్థానం కారణాలు. చిత్రపు లోపాలు కావు.

2. నవల ముద్రణలు, బహుదేశాల గోడపత్రికలు, సంఖ్యాక్రమంలో వచ్చిన డిస్కులు దీనిని సేకర్తలకు ప్రీతిపాత్రం చేశాయి. సేకర్తలు, పునర్విడుదల సంస్థలు, తావెర్నియే వంటి అభిమానులు దానికి రెండో జీవితం ఇచ్చారు.

3. సేకరించిన కాగితాలు కేవలం జ్ఞాపికలు కావు. ఒకే చిత్రాన్ని వేరువేరు సమాజాలు ఎలా అర్థం చేసుకున్నాయో చెప్పే చారిత్రకాధారాలు.

4. రచయిత అనుభవాన్ని ‘అసలైనది’గా గౌరవించిన సంప్రదాయం, ఆ అనుభవంలోని ఆక్రమణకాలపు భాగాన్ని 1993 దాకా ప్రశ్నించలేదు.

సేకర్త ఒక వస్తువును కాలం చేతిలోంచి కాపాడతాడు. చరిత్రకారుడు ఆ వస్తువు చెప్పకుండా వదిలిన సంగతిని కాపాడతాడు. అరలో నలుపు, పసుపు అట్టల పుస్తకం పక్కన 1952 నాటి మోంరూజ్ కోట చరిత్రకు కూడా చోటిచ్చినప్పుడే ఈ చిత్రం సేకరణ పూర్తవుతుంది.